గరాజ్ సేల్ టూ ఇన్ వన్‌లో తాతగారి పద్యాలు

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ వారం వ్లాగ్‌లో షాపింగ్ లేదు, వంట లేదు. మా డైనింగ్ టేబుల్ మీద ఒక పాత టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసి ఉన్న పెట్టె, విప్పి పెట్టాను. దాని గురించే మాట్లాడతాను. టెక్సాస్‌లో మేముండే ఇర్వింగ్‌లో, పక్క వీధి గరాజ్ సేల్‌లో 15 డాలర్లకు కొన్నాం. జపాన్ తయారీ, రెండు స్పీకర్లు, పైన పిడి, పొడుగాటి యాంటెన్నా. అమ్మిన పెద్దాయన ముందే చెప్పారు, రేడియో పలుకుతుంది కానీ టేపు తిరగదు అని.

తెలిసీ ఎందుకు కొన్నానంటే మా అత్తయ్యగారి కోసం. నరసరావుపేట నుంచి వచ్చి ప్రస్తుతం మా దగ్గరే ఉన్నారు. సూట్‌కేసులో చీరల మడతల మధ్య ఒక క్యాసెట్ పెట్టుకుని తెచ్చారు. వాళ్ల నాన్నగారు హార్మోనియం ముందేసుకుని పాడిన పౌరాణిక పద్యాలు అందులో ఉన్నాయి. ఊళ్లో దాన్ని వినిపించే మిషన్ లేదు. "అక్కడేమైనా దొరుకుతుందేమో చూడమ్మాయ్" అని ఫోన్‌లోనే అడిగారు. ఇప్పుడు కొత్తగా అమ్మే చౌక ప్లేయర్లు ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి లోపల ఫ్లైవీల్, అంటే టేపు వేగాన్ని నిలకడగా ఉంచే చక్రం, చిన్నది, బరువుండదు. పద్యం చివర రాగం తీసేటప్పుడు స్వరం ఊగిపోతుంది. గొంతు ఊగితే గమకం అనుకోవచ్చు గానీ హార్మోనియంకి గమకం ఉండదు కదా! అది ఊగిందంటే తప్పు మిషన్‌దే. అందుకే బరువైన ఫ్లైవీల్ ఉన్న పాతదాన్ని బాగు చేసుకోవడమే మేలనిపించింది.

ఇలాంటిది కొంటే వెంటనే ప్లగ్ పెట్టేయకండి. ముందు వెనక బ్యాటరీల మూత తీయండి. మా దాంట్లో పెద్ద బ్యాటరీలు ఎనిమిది పడతాయి, ఒక్కోటి 1.5 వోల్టులు, మొత్తం 12. స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చేది క్షారం, కాబట్టి వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పోతుంది. చేతికి గ్లవ్స్ మాత్రం వేసుకోండి.

తర్వాత రేడియో పెట్టాం. రెండు స్పీకర్లూ చక్కగా పలికాయి, నాకు సగం టెన్షన్ అక్కడే తీరిపోయింది. రేడియో పలికిందంటే పవర్ బాగుంది, యాంప్లిఫయర్ బాగుంది, స్పీకర్లు బాగున్నాయి. రోగం టేపు వైపే ఉంది. ప్లే నొక్కితే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది, చక్రాలు మాత్రం కదలడం లేదు. మోటారు తిరిగి చక్రం తిరగలేదంటే ముందుగా అనుమానించాల్సింది మధ్యలో ఉండే రబ్బరు బెల్టునే.

ప్లగ్ పీకేసి, విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాను. మరలన్నీ ఒకే పొడవు ఉండవు. అత్తయ్యగారు ఇడ్లీ ప్లేటు తెచ్చి, "ఒక్కో మూలది ఒక్కో గుంటలో వెయ్యి" అన్నారు. అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. వెనక భాగం విడిపోయాక గబుక్కున లాగకండి. ముందు భాగానికీ దానికీ మధ్య వైర్లు ఉంటాయి, తెగితే మళ్లీ సోల్డరింగ్ పని.

బెల్టు లేదు. అంటే, బెల్టుగా లేదు. మోటారు పుల్లీ (బెల్టు తిరిగే గాడి ఉన్న చిన్న చక్రం) మీదా ఫ్లైవీల్ అంచు మీదా నల్లగా, జిగటగా కరిగి తారులా అంటుకుని ఉంది. కొన్ని రకాల బెల్టులు వేడికీ తేమకీ ఏళ్లు గడిచే కొద్దీ ఇలా అయిపోతాయి. టెక్సాస్ వేసవిలో బయటే 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, మూసి ఉన్న గరాజ్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ నలుపు చేతికి అంటితే సబ్బుతో పోదు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పుల్ల తర్వాత పుల్ల మారుస్తూ, పుల్లీ గాడిలో మెరుపు కనిపించేదాకా తుడిచాను. ఈ పనిలో తొందర పనికిరాదు. గాడిలో కాస్త మిగిలినా కొత్త బెల్టు అక్కడికొచ్చిన ప్రతిసారీ ఎగురుతుంది, అది పాటలో వణుకుగా వినిపిస్తుంది.

కొత్త బెల్టు సైజు కోసం పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచి, ఆ పొడవు కంటే ఐదు నుంచి పది శాతం తక్కువ చుట్టుకొలత ఉన్నది ఆన్‌లైన్‌లో తెప్పించాను. మరీ బిగుతైతే మోటారు బేరింగ్ అరుగుతుంది, వదులైతే జారుతుంది.

అది వచ్చేలోపు మిగతా శుభ్రం. టేపుని లాగే సన్నటి ఇనుప కడ్డీ క్యాప్‌స్టన్, దానికి నొక్కిపెట్టే రబ్బరు చక్రం పించ్ రోలర్. రెంటి మీదా టేపు నుంచి రాలిన గోధుమరంగు పొడి గట్టిపడింది. క్యాసెట్లని మిషన్ నమిలేయడానికి ఇదొక పెద్ద కారణం. కడ్డీకీ, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్‌కీ ఆల్కహాల్ వాడాను, రబ్బరుకి మాత్రం సబ్బునీళ్లు చాలు. వాల్యూమ్ తిప్పితే గరగరలాడుతోంది, దానికి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, అటూ ఇటూ బాగా తిప్పితే పోయింది.

బెల్టు వేశాక తాతగారి క్యాసెట్ పెట్టలేదు. పోయినా బాధలేని ఒక పాత క్యాసెట్‌తో చూసి, నలపడం లేదని ఖాయం చేసుకున్నాకే వేగం సంగతి చూశాను. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. దాన్ని చూడ్డానికి 3000 హెర్ట్జ్ మోత రికార్డు చేసిన టెస్ట్ టేపులు దొరుకుతాయి. ఫోన్ యాప్ 2900 చూపించింది. మూడు శాతం పైగా తక్కువ, అంటే పాట దాదాపు అర స్వరస్థానం దిగిపోయినట్టు. మా మిషన్‌లో మోటారు వెనక చిన్న రంధ్రం ఉంది, అందులో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పుతూ సరిచేశాను.

ఇక అసలు క్యాసెట్. ముందు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు చూశాను. తాతగారు అప్పుడే విరగ్గొట్టి ఉంచారు, పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. టేపుని హెడ్‌కి ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క మాత్రం బంక ఎండి ఊడిపోయింది. అది లేకపోతే సౌండ్ దూరంగా, మూసుకుపోయినట్టు వస్తుంది. ఐదు మరల డబ్బా కాబట్టి విప్పి, వేరే క్యాసెట్ నుంచి స్ప్రింగుతో సహా తీసి ఇందులో అమర్చాను.

ప్లే నొక్కితే ముందు హార్మోనియం, ఆ వెనకే గొంతు. అత్తయ్యగారు మొదటి పద్యమంతా కదలకుండా విన్నారు. అయ్యాక, "నాన్న శ్రుతి ఇంకొంచెం పైనుండేదమ్మా" అన్నారు. వేగం సరిచేశాం కదా అనుకోవచ్చు. కానీ ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్‌లో ఆనాటి రికార్డర్ వేగం కూడా ఉండిపోతుంది. అది కాస్త వేగంగా తిరిగి ఉంటే, సరైన వేగంలో వేసినప్పుడు శ్రుతి తగ్గుతుంది. అదృష్టం, ఆ హార్మోనియం నరసరావుపేటలో అటక మీద ఇంకా ఉంది. మా మరిదికి వాట్సాప్ కాల్ చేసి దింపించాం. తాతగారు ఎప్పుడూ పట్టే మెట్టు ఏదో ఆవిడ చెప్పారు, అతను నొక్కి పట్టుకున్నాడు. మా దగ్గర వచ్చేది సుమారు రెండు శాతం తక్కువ. హార్మోనియం లోపలి రీడ్ల శ్రుతీ కొంత మారి ఉండొచ్చు, కానీ ఆవిడ చెవి చెప్పిందీ యాప్ చూపించిందీ ఒకే వైపు.

మోటారు స్క్రూ మళ్లీ ముట్టుకోలేదు. హెడ్‌ఫోన్ జాక్ నుంచి వైరు తీసి లాప్‌టాప్‌లోకి రికార్డు చేసి, అక్కడ వేగం రెండు శాతం పెంచాను. మార్చని ఫైల్ విడిగా దాచాను. రెండోది వినిపిస్తే, "ఆ, ఇదీ!" అన్నారు వెంటనే.

టూ ఇన్ వన్ తనతో ఊరికి తీసుకెళ్తానంటున్నారు. వెనక వోల్టేజ్ స్విచ్ ఉంది, ఇక్కడ 120, అక్కడ ప్లగ్ పెట్టే ముందు 220-240 వైపు మార్చాలి. మోటారు డీసీ కాబట్టి కరెంటు ఫ్రీక్వెన్సీ ఇక్కడి 60 హెర్ట్జ్ నుంచి అక్కడి 50కి మారినా వేగం మారదు. ఆ స్విచ్ ముందే తిప్పి, పైన టేపు అంటించి, తెలుగులో రాసి పంపిస్తాను.