డాన్సు కోసం పుట్టిన ఆల్బమ్‌ని డాన్సు లేకుండా వినొచ్చా?

నిర్వాహకుడు: నమస్కారం. ఇవాళ ఒక్క ఆల్బమ్ గురించే మాట్లాడుకుందాం. పర్‌ఫ్యూమ్ జీనియస్ పేరుతో పాడే అమెరికన్ గాయకుడు మైక్ హాడ్రియాస్ 2022 జూన్‌లో విడుదల చేసిన ‘అగ్లీ సీజన్’. పది ట్రాకులు. అయితే ఇవి ఆల్బమ్ వేద్దామని కూర్చుని చేసిన పాటలు కావు. సియాటిల్ కొరియోగ్రాఫర్ కేట్ వాలిక్‌తో కలిసి 2019లో చేసిన ‘ద సన్ స్టిల్ బర్న్స్ హియర్’ అనే డాన్సు ప్రదర్శన కోసం కట్టినవి. నాతో పాటు ఒక కాంటెంపరరీ డాన్సర్, ఒక సంగీత దర్శకుడు, స్టేజీ సౌండ్ చూసే ఇంజినీర్ ఉన్నారు. మేడం, మీతో మొదలుపెడదాం. ఆ డాన్సు చూడనివాళ్లు ఈ ఆల్బమ్ వినొచ్చా?

డాన్సర్: వినొచ్చండి. కానీ మామూలు పాటలు విన్నట్టు వింటే చిరాకొస్తుంది, నాకూ మొదటిసారి వచ్చింది. మొదటి ట్రాకు ‘జస్ట్ ఎ రూమ్’ తీసుకోండి, అందులో పాదం వేయడానికి బీటు దొరకదు, పట్టుకుని వేలాడ్డానికి పల్లవి దొరకదు. అసలు పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తుండగానే అయిపోయింది. కొన్నాళ్లకి రిహార్సల్ గదిలో ఒంటరిగా వార్మప్ చేస్తూ అదే పెట్టాను. నేల మీద వెల్లకిలా పడుకుని కుడిచెయ్యి మెల్లగా, చాలా మెల్లగా పైకెత్తుతున్నా. మోచెయ్యి నేల వదిలాక బరువంతా భుజంలోకి వస్తుంది కదా, ఆ బరువు తెలిసేంతసేపూ స్వరం కదలకుండా నాతోపాటే ఉంది. ఆ చెయ్యి లేకపోతే అక్కడ ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. చెయ్యి ఉంటే మాత్రం ఆ చోటు నిండిపోయింది.

సంగీత దర్శకుడు: నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. అలా అంటే డాన్సు రానివాళ్లకి ఈ ఆల్బమ్ సగమే అందుతుందన్నట్టు అవుతుంది. సంగీతం తన కాళ్ల మీద తను నిలబడాలి, ఇది నిలబడింది కూడా. పాప్ పాటంటే తొలి నిమిషంలోనే పల్లవి చెవిన పడాలి, మూడు నాలుగు నిమిషాల్లో ముగిసిపోవాలి అని ఓ అలవాటుంది. 2010లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో ఇతనూ చిన్న చిన్న పియానో పాటలే చేశాడు. ఇక్కడ ‘ఐ ఇన్ ద వాల్’ ఎనిమిది నిమిషాలు దాటిపోతుంది. డాన్సు కోసమన్న సాకు దొరికింది కాబట్టే ఆ అలవాటు వదిలించుకోగలిగాడు. నిర్మాత బ్లేక్ మిల్స్ కూడా దాన్ని కోసి చిన్నది చెయ్యలేదు. మీరు డాన్సు అంటున్నారు, నేను స్వేచ్ఛ అంటున్నా.

డాన్సర్: సాకు అన్న మాట మాత్రం నాకు నచ్చలేదండి. అతను పాట రాసిచ్చి పక్కన కూర్చోలేదు. డాన్సులో శిక్షణ లేని మనిషి, డాన్సర్లతో కలిసి తనూ స్టేజీ మీద ఆడాడు. నేర్చుకున్నవాళ్ల మధ్య నేర్చుకోని ఒళ్లుతో నిలబడటం ఎంత టెన్షనో నాకు తెలుసు. పక్కవాళ్లు మన బరువు మోస్తారని నమ్మి వెనక్కి పడాలి, మొదటి రోజు ఎవరూ పడలేరు, మోకాళ్లు వాటంతటవే బిగుసుకుపోతాయి. ఆ అనుభవం ఉన్న గొంతు వేరేగా పలుకుతుంది. 2020 మేలో వచ్చిన అతని ఇంకో ఆల్బమ్‌లో కూడా ఒంటి గురించిన ఎరుక వినిపిస్తుంది, అది ఈ డాన్సు నుంచి వచ్చిందనే నేను అనుకుంటాను.

నిర్వాహకుడు: అసలు డాన్సుకీ సంగీతానికీ ఇంత దగ్గరితనం ఉండాలా? వేరే దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారుగా.

సంగీత దర్శకుడు: ఉన్నారు, చాలా దూరం వెళ్లారు. అమెరికన్ కొరియోగ్రాఫర్ మెర్స్ కన్నింగ్‌హామ్, స్వరకర్త జాన్ కేజ్ కలిసి పనిచేసిన పద్ధతిలో డాన్సు ఒకచోట, సంగీతం ఒకచోట తయారయ్యేవి. రెండింటికీ ఉమ్మడిగా ఉండేది ఒక్క సమయమే. 2003లో కన్నింగ్‌హామ్ ‘స్ప్లిట్ సైడ్స్’ అనే డాన్సు చేశాడు, సంగీతం రేడియోహెడ్, సిగుర్ రోస్ అనే రెండు రాక్ బ్యాండ్లది. డాన్సు, సంగీతం, తెర, దుస్తులు, లైటింగ్, ఐదూ రెండేసి రకాలు. ఏది ముందో పాచికలు వేసి తేల్చేవాళ్లు. లెక్కేస్తే 32 రకాల ప్రదర్శనలు. అక్కడ సంగీతం డాన్సు కోసం ఎదురుచూడదు. ‘అగ్లీ సీజన్’ దానికి పూర్తిగా అవతలి ఒడ్డు.

ఇంజినీర్: నాకు ఈ ఆల్బమ్ మీద ఒకటే బాధ, చాలామంది దీన్ని ఫోన్ స్పీకర్లో విని వదిలేస్తున్నారు. డాన్సు ప్రదర్శనకి సౌండ్ పెట్టేటప్పుడు ప్రేక్షకులవైపు పెట్టేవి కాకుండా, స్టేజీకి రెండు పక్కలా ఉండే వింగ్స్ దగ్గర డాన్సర్లవైపు తిప్పి విడిగా స్పీకర్లు పెడతాం. ఎందుకంటే హాలువైపు తిరిగిన స్పీకర్ల వెనకాల ఉన్నవాళ్లకి శబ్దం ముద్దగా, ఆలస్యంగా వస్తుంది. ఇక కింది స్వరాలు, ఓ 60 హెర్ట్జ్ లోపువి, చెవికన్నా ముందు నేలలోంచి అరికాళ్లకి తెలుస్తాయి. చెక్క నేలైతే మరీను. ఫోన్ స్పీకర్ ఆ స్వరాలని పలకలేదు, చిన్నది కదా, అంత గాలిని నెట్టలేదు. ఇలాంటి సంగీతంలో ఆ అడుగు భాగం పోతే మిగిలేది పైపై గుసగుసే. అప్పుడు బోర్ కొట్టిందంటే తప్పు పాటది కాదు.

డాన్సర్: అవును! మేము తాళం లెక్కపెట్టని చోట పక్కవాళ్ల ఊపిరి విని కదులుతాం. పీల్చే శబ్దం వినగానే లేస్తాం. కానీ అడుగున ఆ గుమ్మనే శబ్దం నేలలో ఉంటే ఊపిరి కూడా అక్కర్లేదు.

నిర్వాహకుడు: ఆల్బమ్‌తో పాటు జాకోల్బీ సాటర్‌వైట్ చేసిన ఒక ఫిల్మ్ కూడా వచ్చింది. అది చూస్తే డాన్సు చూడని లోటు తీరుతుందా?

సంగీత దర్శకుడు: అది వేరే కళాకారుడి వేరే ఊహ, డాన్సు రికార్డింగ్ అనుకోకూడదు. ముందు వినండి, ఆ తరవాతే చూడండి. లేకపోతే బొమ్మలు మనసులో పాతుకుపోతాయి.

నిర్వాహకుడు: కొత్తగా వినేవాళ్లు ఏ ట్రాకుతో మొదలుపెట్టాలి?

సంగీత దర్శకుడు: ‘పాప్ సాంగ్’. పేరుకి తగ్గట్టే చెవికి దగ్గరగా ఉంటుంది. ఆల్బమ్ కన్నా ముందు, 2019లోనే బయటికొచ్చింది.

డాన్సర్: నేనైతే చివరిది, ‘సెనోటే’ అంటాను. మాటల్లేవు, పియానో. కూర్చోకుండా నిలబడి, చెప్పులు విప్పేసి వినండి.

ఇంజినీర్: చెప్పులు విప్పమన్నారు కాబట్టి స్పీకర్ కూడా బల్ల మీంచి తీసి నేల మీద పెట్టుకోండి.

నిర్వాహకుడు: మన స్టూడియోలో కిందది చెక్కే. ఆ స్పీకర్ ఇటు జరపండి, ‘సెనోటే’ ఇప్పుడే విందాం.