ఆయన్నే అడగండి

శ్రోతలందరికీ నమస్కారం.

నేను సికింద్రాబాదులో, మేధో వైకల్యం ఉన్న పెద్దవారికి పని నేర్పే ఒక చిన్న కేంద్రంలో పద్నాలుగేళ్లుగా శిక్షకురాలిగా ఉన్నాను. మా దగ్గరికి రోజూ వచ్చేవారిలో అందరికంటే చిన్నామెకు 22 ఏళ్లు, పెద్దాయనకు 51. కాగితపు కవర్లు, ఆఫీసు ఫైళ్లు, దీపారాధన వత్తులు తయారుచేస్తారు. చేరిన కొత్తలో అందరితోపాటు నేనూ వీరిని ‘పిల్లలు’ అనేదాన్ని. పిల్లలు అన్నం తిన్నారా, పిల్లలు వ్యాను ఎక్కారా అనే మాటలే రోజంతా వినిపించేవి. వాటిలో ప్రేమ ఉండేది, కాదనను. కాని చెవుల పక్కన జుట్టు నెరిసిన మనిషిని పిల్లవాడు అనడంలో ఉన్న తప్పు మాలో ఎవరికీ తట్టలేదు. తట్టేలా చేసినవారు వారిలోనే ఒకాయన.

అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. లెక్కలు చూడటానికి కొత్తగా చేరిన పాతికేళ్ల కుర్రవాడు ఒకరోజు ఆయన్ని “బాబూ, ఇలా రా” అని పిలిచాడు. ఆయన చేతిలోని కవరును బల్లమీద పెట్టి, జిగురు అంటిన వేళ్లు తుడుచుకుని, “నేను బాబు కాదు. నాకు మీసం ఉంది” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. గదిలో మేమెవ్వరమూ నవ్వలేకపోయాము.

ఆ మర్నాటి నుంచి మా కేంద్రంలో అందరినీ ‘మీరు’ అనడం, పేరు చివర ‘గారు’ చేర్చడం మొదలుపెట్టాము. నోరు తిరగడానికి నాకు నెల పట్టింది. దానివల్ల ఎవరి వైకల్యమూ తగ్గలేదు, తగ్గుతుందని నేను చెప్పడం లేదు. కాని ఆయన తల్లిగారు వారం తిరగకుండానే ఫోను చేసి, “అక్కడ గారు అంటారట, ఇంట్లో ఎందుకు అనరని మమ్మల్ని నిలదీస్తున్నాడమ్మా” అన్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో మేధో వైకల్యం ఉన్నవారు 15 లక్షల మందికి పైగా ఉన్నారు. ఇది మానసిక జబ్బు కాదు. బాల్యంలోనే కనిపించే స్థితి. నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, నిత్యం చేసుకునే పనులు నెమ్మదిగా సాగుతాయి. వైకల్యం ఎంతో తేల్చి ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్టులో, నేను చెబుతున్న ఆ మీసం ఆయనకు వైకల్యం 75 శాతం అని రాసి ఉంది. ఆ అంకె చూసినవారు మిగిలింది పాతిక శాతం మనిషి అనుకుంటారేమోనని నాకు బెంగ. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో మన బోయినపల్లిలో స్థాపించిన జాతీయ సంస్థ పేరులో మొదట ‘మెంటల్లీ హ్యాండిక్యాప్డ్’ అన్న మాట ఉండేది. ఇప్పుడు ఆ చోట ‘సాధికారత’ అన్న అర్థం వచ్చే మాట చేరింది. పేరు మారితే ఏమవుతుందని అడిగేవారికి ఆ మీసం మాటే నా జవాబు.

ఇక పని సంగతి. ఆయనకు పది దాటి లెక్క రాదు. వత్తుల పొట్లంలో సరిగ్గా ముప్పై ఉండాలి. మొదటి ఏడాది నేను పలకా బలపమూ పట్టుకుని అంకెలు నేర్పబోయి, ఆయన్ని విసిగించి, నేను విసిగిపోయి, ఒకటి రెండుసార్లు కసురుకున్నాను కూడా. ఆ కసురు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మాకు పెద్ద దిక్కైన శిక్షకురాలు ఒకామె అదంతా చూసి, వడ్రంగి చేత ఒక చెక్కకు వరుసకు పది చొప్పున మూడు వరుసల గుంటలు తొలిపించి తెచ్చి ఆయన ముందు పెట్టారు. గుంటకో వత్తి. చెక్క నిండితే పొట్లం నిండినట్టే. ఆ రోజు మొదలు ఆయన పొట్లంలో ఒక్క వత్తి తక్కువ వచ్చిన సందర్భం నాకు గుర్తు లేదు. నోటితో లెక్కపెట్టే నేను మాత్రం ఎవరైనా పలకరిస్తే పదిహేడు దగ్గర ఆగిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను. నేను ఏడాదిపాటు ఆయన బుర్రలో ఉందనుకున్న లోపం, నేను పని అప్పగించిన తీరులో ఉంది.

ఇంతకంటే కష్టంగా నేర్చుకున్నది, ఆగడం. మేము ఒక ప్రశ్న అడిగితే ఆయన నుంచి జవాబు రావడానికి కొన్నిసార్లు పది అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. సాధారణంగా మూడో అంకెకే తల్లి జవాబు చెప్పేస్తుంది, లేదా నాలాంటి వారు చెప్పేస్తారు. జీతం వేయడానికి ఖాతా తెరుద్దామని ఒక బ్యాంకుకు వెళ్లినప్పుడు, అక్కడి ఉద్యోగి ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే, “అబ్బాయికి సంతకం వచ్చా అమ్మా?” అని తల్లిని అడిగారు. ఆయన మూడక్షరాల పేరు శ్రద్ధగా రాస్తారు. కాగితం మాత్రం ఆయన వైపు జరగనే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది, ఆ పత్రంతో ఖాతా తెరవవచ్చు. మేమూ చివరకు అలాగే తెరిచాము. కాని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. సంరక్షకత్వమంటే ఇద్దరూ పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయించుకోవడమనీ, అది ఆ వ్యక్తి ఇష్టానుసారమే నడవాలనీ, ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికే పరిమితం కావాలనీ 14వ సెక్షనులో చెప్పింది. ఇంట్లో, బ్యాంకులో, మా కేంద్రంలో ఆ వాక్యం అమలు కావాలంటే, మనం నోరు మూసుకుని పది లెక్కపెట్టడం నేర్చుకోవాలి.

మొదటి జీతంతో ఆయన చేతి గడియారం కొనుక్కుంటానన్నారు. తల్లికి ఆ డబ్బు దేవుడి హుండీలో వేయాలని ఉండేది. “నీకు టైము చూడటం రాదు కదరా” అన్నారామె. ఎప్పటిలాగే కొంతసేపు గడిచాక, “పెట్టుకోవడం వచ్చు” అన్నారాయన. బస్సులో కడ్డీ పట్టుకున్న మగవారి మణికట్లను ఆయన ఎన్నేళ్లుగా చూస్తున్నారో మాకెవరికీ తెలియదు. మేము ఎన్నడూ అడగలేదు గనుక.

పోయిన నెలలో ఆయన నా దగ్గరికి వచ్చి చేయి చాపి, “ముల్లు తిరగడం లేదు” అన్నారు. వాళ్లమ్మకు చెబుదామని నా చేయి అప్పుడే ఫోను మీదికి పోయింది. ఆపుకుని, “ఏం చేద్దామంటారు?” అని అడిగి, ఊరుకున్నాను. “షాపుకు పోదాం. నా డబ్బులు ఉన్నాయి” అన్నారు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇద్దరం నడిచి వెళ్లాము. షాపాయన గడియారం వెనుక మూత విప్పి, కంటికి అద్దం పెట్టుకుని చూసి, తల ఎత్తి నా వైపు తిరిగి, “బ్యాటరీ పోయిందమ్మా, కొత్తది వెయ్యమంటారా?” అన్నాడు.

“ఆయన్నే అడగండి” అన్నాను.