మెయిల్ బిల్లు తగ్గాలంటే ముందు సీట్లు లెక్కపెట్టండి

నమస్తే అండి. ఒంగోలు నుంచి, నెల్లూరు నుంచి చాలామంది అడిగేది ఒకటే. ఆఫీసు మెయిల్‌కి గూగుల్ మంచిదా, మైక్రోసాఫ్టా, జోహోనా, ఏది చవక? రేటు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఎన్ని సీట్లకు, అంటే డబ్బు పడే ఎన్ని యూజర్ ఐడీలకు, కడుతున్నారో చూద్దాం.

స్క్రీన్ చూడండి. ఉదాహరణకి ఇది చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసు అనుకుందాం. కంప్యూటర్ ముందు కూర్చునేది 6 మంది. మెయిల్ ఐడీలు 14. సేల్స్, అకౌంట్స్, డిస్పాచ్, ఇన్ఫో, కృష్ణపట్నం పోర్టు పనులకు ఒకటి, ఎప్పుడో మానేసిన సూపర్‌వైజర్‌ది ఒకటి... ఇలా. బస్సులో మనిషికి టికెట్ తీస్తాం గానీ చేతిసంచికి తీయం కదా. ఇక్కడ 8 సంచులకు టికెట్ తీస్తున్నారు. ఏడాదికి 96 నెలల సీటు డబ్బు, దాని మీద 18 శాతం జీఎస్టీ.

ఇలా ఎందుకైందంటే, గూగుల్ ఒకప్పుడు చిన్న ఆఫీసులకు ఇది ఫ్రీగా ఇచ్చింది. 2012 డిసెంబరులో కొత్తవాళ్లకు ఆపేసింది. పాతవాళ్లు వ్యాపారానికి వాడుతుంటే వాళ్లూ 2022లో డబ్బు కట్టే ప్లాన్‌కి మారాల్సి వచ్చింది. ఫ్రీ రోజుల్లో టేబుల్‌కొకటి చొప్పున చేసుకున్న ఐడీలన్నీ అలాగే బిల్లులోకి వచ్చేశాయి.

సరే, గూగుల్ అడ్మిన్ కన్సోల్ తెరవండి, అంటే ఆఫీసు ఐడీలన్నీ చూసుకునే పేజీ. డైరెక్టరీ, యూజర్స్. డౌన్‌లోడ్ కొట్టండి, షీట్ వచ్చేసింది. చివరిగా ఎప్పుడు లాగిన్ అయ్యారో ఆ కాలమ్ మీద సార్ట్ చేయండి. అయిపోయింది. నేనైతే ఈ పనికి ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసే వాడతాను. ఒక షీట్ చూసుకోడానికి ఇంకో లైసెన్స్ ఎందుకు చెప్పండి? కంట్రోల్, షిఫ్ట్, ఎల్ నొక్కితే ఫిల్టర్ వచ్చేస్తుంది.

మానేసినవాళ్ల ఐడీని సస్పెండ్ చేసి ఊరుకోకండి. సస్పెండ్ చేసినా బిల్లు పడుతూనే ఉంటుంది. కావాల్సిన మెయిల్స్ ముందు వేరే అకౌంట్‌లోకి తెచ్చుకుని, అప్పుడు డిలీట్ కొట్టండి. డిలీట్ చేసేటప్పుడు వచ్చే ట్రాన్స్‌ఫర్ బాక్సులో డ్రైవ్ ఫైళ్లు, క్యాలెండర్ వెళ్తాయి గానీ మెయిల్స్ వెళ్లవు. పొరపాటున తీసేస్తే 20 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు సేల్స్ ఐడీ. దీన్ని యూజర్‌గా తీసేసి గ్రూపుగా పెడతాం, అంటే ఆ ఐడీకి వచ్చిన మెయిల్ మెంబర్లందరికీ వెళ్తుంది. గ్రూపుకి సీటు డబ్బు లేదు. డైరెక్టరీ, గ్రూప్స్, క్రియేట్. పేరు కొట్టండి, మెంబర్లను చేర్చండి, నెక్స్ట్... ఆగండి. ఇక్కడ ఆగండి. ఈ గళ్ల పేజీ వచ్చింది చూశారా? చాలామంది చూడకుండా నెక్స్ట్ కొట్టేస్తారు. "హూ కెన్ పోస్ట్" అనే వరస ఉంది కదా, దానికి ఎదురుగా చివర "ఎక్స్‌టర్నల్" అనే గడి. ఇది టిక్ లేకపోతే బయటివాళ్ల మెయిల్ లోపలికి రాదు. బయ్యరు కొటేషన్ అడుగుతూ మెయిల్ పెడతాడు, అది అతనికే తిరిగి వెళ్తుంది. మనకు అసలు తెలియదు, బేరాలు తగ్గాయనుకుంటాం. మీరు ఆఫీసు ఐడీ నుంచి టెస్ట్ చేస్తే బాగానే వస్తుంది, ఎందుకంటే మీరు లోపలివాళ్లే. అందుకే టెస్ట్ మెయిల్ మీ సొంత జీమెయిల్ నుంచే పంపండి. మళ్లీ చెప్తున్నా, బయటి ఐడీ నుంచే.

జవాబు కూడా సేల్స్ పేరుతోనే వెళ్లాలంటే, ప్రతి ఒక్కరూ తమ జీమెయిల్ సెట్టింగ్స్‌లో, అకౌంట్స్‌లో, "సెండ్ మెయిల్ యాజ్" దగ్గర ఆ ఐడీ చేర్చుకోవాలి. కన్ఫర్మేషన్ మెయిల్ గ్రూపుకే వస్తుంది. బయటి మెయిల్ రావడం ముందు సరి చేసుకోమన్నది ఇందుకే.

ఒక్కరే చూసుకునే ఐడీకి గ్రూపు కూడా అక్కర్లేదు, ఏలియాస్ చాలు, అంటే అదే ఇన్‌బాక్స్‌కి ఇంకో పేరు. ఒక్కో యూజర్‌కి 30 వరకు ఉచితం.

మైక్రోసాఫ్ట్ వాడేవాళ్లకు షేర్డ్ మెయిల్‌బాక్స్ ఉంది, అంటే నలుగురు కలిసి చూసుకునే ఒకే ఇన్‌బాక్స్. 50 జీబీ దాటనంతవరకు దానికి లైసెన్స్ అక్కర్లేదు. ఒక తిరకాసు మాత్రం ఉంది. యూజర్ నుంచి లైసెన్స్ తీసేస్తే బిల్లు తగ్గదు, ఆ సీటు ఖాళీగా కూర్చుంటుంది. బిల్లింగ్‌లో, యువర్ ప్రొడక్ట్స్‌లోకి వెళ్లి కొన్న సంఖ్యనే తగ్గించాలి.

ఆ తగ్గించడం కూడా ఎప్పుడు పడితే అప్పుడు కుదరదు. ఏడాది ఒప్పందం మీద ఉంటే గూగుల్‌లోనైనా, మైక్రోసాఫ్ట్‌లోనైనా రెన్యూవల్ దాకా ఆగాల్సిందే. గూగుల్‌లో ఫ్లెక్సిబుల్ ప్లాన్, అంటే ఏడాది ఒప్పందం లేకుండా నెలనెలా కట్టేది, ఉంటే వెంటనే తగ్గుతుంది, కానీ సీటు రేటు ఎక్కువ. రొయ్యల సీజన్‌కి మనుషుల్ని పెట్టుకుని తర్వాత తీసేసే నెల్లూరు వైపు ఆఫీసులకు నేను ఫ్లెక్సిబులే చెప్తాను. ఏడాదంతా అదే మనుషులుంటే ఏడాది ఒప్పందమే చవక.

మరీ చిన్న ఆఫీసైతే, 5 మంది లోపైతే, జోహోలో ఫ్రీ ప్లాన్ ఒకసారి చూడండి. బ్రౌజర్‌లో, వాళ్ల యాప్‌లో చూసుకోవాలి, అవుట్‌లుక్‌లో కలపడం కుదరదు. దాంతో ఇబ్బంది లేదంటే చాలు.

ఇక బిల్లింగ్ ప్రొఫైల్‌లోకి వెళ్లి మీ జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే ఎక్కించండి. ఇన్‌వాయిస్ మీద అది లేకుండా ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకోవడం మీ ఆడిటర్‌కి తలనొప్పి. బిల్లింగ్‌లోనే, సబ్‌స్క్రిప్షన్ వివరాల్లో రెన్యూవల్ తేదీ కనిపిస్తుంది. దానికి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, తేదీ దాటితే పాత సంఖ్యతోనే ఇంకో ఏడాది ఎక్కేస్తుంది.