కరువు మీద రాశారు సరే, కథ యాడుంది?

నమస్కారం. కొత్తగా రాసే పిల్లలు నాకు కథలు పంపిస్తుంటారు. "దేని గురించి రాసినావు నాయనా" అని అడిగితే "కరువు మీద సార్", "వలసల మీద సార్" అంటారు. ఆ తర్వాత ఏముందని అడిగితే ఇంకేం చెప్పరు. అనంతపురంలో ఉండి కరువు గురించి రాయకుండా ఎట్లుంటాం? రాయాల్సిందే. కానీ కరువు అనేది వస్తువు, అంటే కథ దేని గురించో అది. ఆ వస్తువు లోపల ఒక మనిషి ఇరుక్కుని, ఏదో ఒకటి తేల్చుకోక తప్పని చోటికి వస్తే కథ పుడుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల, సేద్యం నుంచి వచ్చి ఎంతో అనుభవం ఉన్న పిల్లల కథలు కూడా జిల్లా ఎడిషన్ వార్తల్లాగా తేలిపోతున్నాయి. నన్ను బాధపెట్టేది ఇదే.

సింగమనేని నారాయణ గారు, కేతు విశ్వనాథరెడ్డి గారు ఇద్దరూ సీమ పల్లెల గురించే రాశారు. కేతు గారి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. ఇద్దరూ చూసిన నేల ఒకటే. అయినా ఒకరి కథ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే సీమ పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ఈ రోజు చూద్దాం.

[తెర మీద: పొలంలో బోరు బండి, చుట్టూ తెల్ల దుమ్ము]

ఒకే ఉదాహరణ తీసుకుంటాను. కళ్యాణదుర్గం పక్క ఒక రైతు. చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతున్నాయి. అప్పు చేసి బోరు వేయిస్తాడు. నీళ్లు పడవు. కుప్పకూలిపోతాడు. అయిపోయింది.

ఇట్లా జరగదా అంటే జరుగుతుంది, మన కళ్ల ముందే జరుగుతుంది. కానీ ఇందులో ఆ రైతు చేసిందేముంది? అన్నీ అతనికి జరిగినాయి. చదివేవాడు "అయ్యో పాపం" అని పేజీ తిప్పేస్తాడు.

ఇప్పుడు అదే బోరు దగ్గరికి ఇంకోసారి పోదాం. 600 అడుగులు దిగింది. పైకి వచ్చేదంతా పొడి దుమ్మే. బండి మనిషి దగ్గరికొచ్చి అడుగుతాడు: "అన్నా, ఇంకా దించాల్నా, ఆపాల్నా?" అడుగుకింత అని లెక్క. రైతు జేబులో ఇంకో నూరడుగులకు సరిపడా డబ్బు ఉంది. అది కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజు. ఆ పిల్ల అక్కడే గట్టు మీద నిలబడి చూస్తోంది.

చూశారా, ఒక్క ప్రశ్నతో ఎంత మారిపోయిందో! ఆ రైతు ఇప్పుడు నోరు తెరిచి ఒక మాట చెప్పాలి. ఆ మాటను బట్టి అతనెట్లాంటివాడో మనకు తెలుస్తుంది. పాత్రచిత్రణ అంటే ఇదే. "రామయ్య చాలా మంచివాడు, కష్టజీవి" అని మీరు పది వాక్యాలు రాసినా రానిది, "దించు" అన్న ఒక్క మాటతో వచ్చేస్తుంది. సంఘర్షణ కూడా ఇక్కడే ఉంది. మన వాళ్లకు సంఘర్షణ అనగానే రెండు వర్గాలు, వేటకొడవళ్లు గుర్తొస్తాయి. సీమ అంటే అంతే అని సినిమాలు అలవాటు చేసినాయి, మనమూ నమ్మేసినాం. నాకైతే ఈ బోరు దగ్గర ఒక మనిషి తన జేబు తడుముకోవడంలో ఉన్నంత సంఘర్షణ ఏ ఫ్యాక్షన్ కథలోనూ కనపడలేదు.

తర్వాత నేపథ్యం. దీన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. సూర్యోదయం ఒక పేరా, పక్షుల కిలకిల ఒక పేరా, తర్వాత అసలు కథ. అట్లా చేయొద్దు. ఆ చోటు కథకు ఏం పని చేసిపెడుతోందో చూడండి. మన జిల్లాలో ఎక్కువ భాగం గట్టి రాతినేల. లోతుకు పోయేకొద్దీ నీళ్లుండేది రాతి పగుళ్లలోనే. అందుకే 600 అడుగుల దగ్గర ఎండిన బోరుకు ఇంకో పది అడుగుల్లో పగులు తగలొచ్చు, వెయ్యి అడుగులు పోయినా తగలకపోవచ్చు. అంటే ఆ రైతు ఆశ మూర్ఖత్వం కాదు, అతని కాళ్ల కింద ఉన్న రాయే అతన్ని అట్లా ఊరిస్తోంది. గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న ఇంత పదునుగా పుట్టదు. ఇంకోటి, కంప్రెసర్ మోతలో పక్కనున్న మనిషి మాట వినపడదు. భార్య "వద్దు" అని అరిచినా అతనికి చేరదు. చెయ్యి ఊపుతుంది. ఆపమంటోందా, కానివ్వమంటోందా? సంభాషణ రాయాల్సిన చోట ఆ మోత మీకు ఒక సన్నివేశాన్నే ఇచ్చింది.

దృష్టికోణం నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం ఓపిక పట్టండి. కథ ఎవరి కళ్లతో చూస్తున్నాం? రైతు వైపు నుంచి రాస్తే, జేబులో డబ్బు ఎవరిదో అతనికి ప్రతి క్షణం గుర్తొస్తూనే ఉంటుంది. కూతురి వైపు నుంచి రాస్తే, ఆ డబ్బు సంగతి ఆమెకు తెలుసా లేదా అన్నది మీరు ముందే తేల్చుకోవాలి. తెలిస్తే ఒక కథ, తెలియకపోతే పూర్తిగా వేరే కథ. ఇక ఆ బండి మీద పనిచేసే కుర్రాడు ఉన్నాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు, తెలుగు సరిగ్గా రాదు. వాడికి ఇది ఈ వారంలో ఇంకో బోరు, అంతే. వాడి కళ్లతో చెబితే ఏడుపు ఒక్క చుక్క కూడా రాయనక్కర్లేదు, చదివేవాడికే గుండె బరువెక్కుతుంది. కానీ ఒకరి వైపు ఉంటే వాళ్ల వైపే ఉండండి. రైతు మనసులో ఒక వాక్యం, మరుక్షణం కూతురి మనసులో ఇంకో వాక్యం. చిన్న కథ దీన్ని మోయడం చాలా కష్టం.

ఎక్కడ మొదలుపెట్టాలి? గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' తీసి చూడండి. గోపాలరావు రాత్రి పొద్దుపోయాక ఇంటికొచ్చి తలుపు దగ్గర నిలబడటంతో మొదలవుతుంది. పెళ్లెప్పుడైంది, ఈ తిరుగుళ్లు ఎప్పటినుంచి అనే చరిత్ర ముందు పెట్టలేదు. మన కథ కూడా 600 అడుగుల దగ్గరే మొదలవ్వాలి. టెంకాయ చేతిలో పెట్టుకుని బోరు ఎక్కడ వేయాలో పాయింట్ చూసిన రోజు, అప్పు అడగడానికి పోయిన రోజు, అవన్నీ మధ్యలో ఒక్కో వాక్యంగా వస్తాయి.

[తెర మీద: 1842, 1863]

టైము అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో 1842లో ఒక సమీక్షలో, కథ ఒక్క విడతలో చదివేటట్టుండాలి, అందులో ప్రతి మాటా ఒకే ప్రభావం కోసం పనిచేయాలి అనే అర్థంలో రాశాడు. అందుకే మన బోరు కథలో మేనమామ ఎన్నికల గోల వద్దు, ఎంత బాగా రాసినా తీసేయండి. ఇంక కొందరు బోర్డు మీద త్రికోణం గీసి, ఆరోహణ, పతాక స్థాయి, అవరోహణ ఉండి తీరాలంటారు. ఆ బొమ్మ జర్మన్ రచయిత ఫ్రైటాగ్ 1863లో అయిదంకాల నాటకాల గురించి రాసిన పుస్తకంలోది. నాలుగు పేజీల కథకు అదే కొలతేంటి? అవసరమైతే వాడుకోండి, లేకపోతే వదిలేయండి.

ముగింపు. నీళ్లు పడ్డాయా లేదా అని అందరూ అడుగుతారు. అది రాయి తేల్చేది. రైతు తేల్చేది "దించు", "ఆపు" అన్న మాట వరకే. ఆ మాట అయ్యాక కథ ఎక్కువసేపు నిలబడదు, ఒకటి రెండు పేరాల్లో బయటికి వచ్చేయండి. ఉపన్యాసం అసలొద్దు.

భాష గురించి ఒక్క మాట. సంభాషణల్లో మన యాస పెట్టండి, సిగ్గుపడొద్దు. "దించాల్నా" అని అడిగేవాడి నోట్లో "దించమంటారా" అని పెడితే ఆ మనిషే మారిపోతాడు. కథనం మామూలు తెలుగులో నడిపినా ఫర్వాలేదు, యాసలో నడిపినా ఫర్వాలేదు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా నిలబెట్టండి.

వచ్చే వీడియోలో సంభాషణలు చూద్దాం. ఈలోగా ఆ బండి కుర్రాడి వైపు నుంచి ఒక్క పేజీ రాసి పంపండి, ఒక్కటీ వదలకుండా చదువుతాను.