మాట చికిత్స: పీజీ చదువు, వృత్తి, గోదావరి జిల్లాల అవసరం

సభకు నమస్కారం. రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం కళాశాలల నుంచి వచ్చిన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ప్రత్యేక అభినందనలు.

స్పీచ్ థెరపిస్టు అంటే నత్తి మాన్పించేవారనే అభిప్రాయం మన జిల్లాల్లో ఇంకా గట్టిగానే ఉంది. నత్తి ఈ వృత్తిలో ఒక భాగం మాత్రమే; మింగడంలో వచ్చే ఇబ్బందులు చూడడం కూడా థెరపిస్టులమైన మా పనే. పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ గ్లాసుతో మంచినీళ్లు పడతారు. పలచటి నీరు గొంతులో వేగంగా జారుతుంది కనుక, శ్వాసమార్గం మూసుకునేలోపే అటు దిగిపోయి న్యుమోనియాకు దారితీయవచ్చు. అలాంటి వారిలో కొందరికి నీటికంటే చిక్కటి గంజే క్షేమం. కొందరికి దగ్గు కూడా రాదు కాబట్టి, బేరియం కలిపిన ఆహారాన్ని మింగిస్తూ ఎక్స్‌రే వీడియోలో చూస్తే గాని అసలు సంగతి తెలియదు. ఏది, ఎంత చిక్కగా, ఏ భంగిమలో తాగించాలో నిర్ణయించడంలో మా బాధ్యత పెద్దది. పేరు అడిగితే చెప్పలేని రోగి ఒకటి నుంచి పది వరకు అంకెలు గడగడా చెప్పడం కూడా మేము చూస్తుంటాం. మాట పోయిన రోగి మెదడు ఎడమ భాగంలో 1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూపించిన దెబ్బ గురించి పుస్తకంలో చదివినవారికి, అది మంచం పక్కన నిలబడినప్పుడే పూర్తిగా అర్థమవుతుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది పిల్లల పరీక్షల గురించి. ఇంగ్లీషు కోసం తయారైన ఉచ్చారణ పరీక్షలు ప్రతి ధ్వనినీ పదం మొదట, మధ్యన, చివర వెతుకుతాయి. మన పదాలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ళకారం, ణకారం పదాది‌లో రావు. కల, కాల అనే మాటల మధ్య తేడా అంతా అచ్చు నిడివిలోనే ఉంది. ఇవేవీ పట్టించుకోని పరీక్షతో తెలుగు పిల్లవాడిని కొలిస్తే, లేని లోపం కనబడుతుంది, ఉన్న లోపం దాగిపోతుంది. పెద్దలందరూ ణకారాన్ని నకారంగా పలికే ఇంట్లో పెరిగిన పిల్లకు అది లోపం కానే కాదు. కోనసీమ పిల్లవాడు మర్యాదగా ‘ఆయ్’ అని జవాబిస్తే, అది వాడి ఊరి మాటగా గుర్తించగలవారే ఆ పరీక్ష గదిలో ఉండాలి. ఎం.ఎస్సీ.లో పరిశోధన అంశం ఎంచుకునే రోజు వచ్చినప్పుడు, మన అంగన్‌వాడీల్లోని పిల్లలు ఏ వయసుకు ఏ ధ్వని పలుకుతున్నారో నమోదు చేసే పని ఎంచుకోమని మిమ్మల్ని మనసారా కోరుతున్నాను.

దారి ఇలా ఉంటుంది. ఇంటర్ సైన్సు తరువాత వినికిడి, మాట చికిత్సల డిగ్రీ అయిన బి.ఎ.ఎస్.ఎల్.పి., ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఆపైన రెండేళ్ల ఎం.ఎస్సీ. 1965లో స్థాపితమైన మైసూరు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువుకు దేశంలో పేరెన్నికగన్నది. సికింద్రాబాదులో మాట, వినికిడి లోపాల కోసం ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అమెరికాలో ఈ వృత్తి సంఘమైన ఆషా ఇచ్చే సర్టిఫికెట్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, 400 గంటల క్లినికల్ శిక్షణ, ప్రాక్సిస్ అనే అర్హత పరీక్ష, ఆ తరువాత పర్యవేక్షణలో పనిచేసే ఫెలోషిప్ పూర్తిచేయాలి. వెళ్లాలనుకునేవారు వెళ్లండి, అందులో తప్పేమీ లేదు.

ఇక్కడ ఉండేవారికీ పని ఉంది. న్యూరాలజీ, ఈఎన్‌టీ విభాగాలు, వినికిడి కోసం లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు, 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పడిన సత్వర చికిత్స కేంద్రాలు, సొంత క్లినిక్‌లు, ఇలా దారులు అనేకం. ఇంప్లాంట్ ఆపరేషన్‌తో పని అయిపోదు; వినడం, మాట్లాడడం నేర్పే శిక్షణ నెలల తరబడి సాగాలి. దాని కోసం కూలి పనులు మానుకొని, పిల్లను చంకనెత్తుకొని విశాఖకో హైదరాబాదుకో తిరిగే తల్లులు మధ్యలోనే ఆగిపోతున్నారు. అందుకే కాకినాడలోనో పాలకొల్లులోనో కూర్చునే థెరపిస్టు అవసరం ఇంత ఉంది.

భారత పునరావాస మండలి 1992 నాటి చట్టం ప్రకారం, ఆ మండలి రిజిస్టరులో పేరు లేనివారు ఈ వృత్తి చేయడానికి వీల్లేదు. కాబట్టి ఫీజు కట్టే ముందే, మీరు చేరబోయే కళాశాలకు, ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో స్వయంగా చూసుకోండి.