స్వాన్ లేక్ రెండో అంకం ఎవరిది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న గురువులకు, గజ్జెల సంచులతో క్లాసు నుంచి నేరుగా ఇక్కడికే వచ్చిన పిల్లలకు, వాళ్లను ఓపిగ్గా తీసుకొచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఇవాళ ఏప్రిల్ 29, అంతర్జాతీయ నృత్య దినోత్సవం. 1727లో ఇదే రోజున నోవేర్ అనే ఫ్రెంచి నాట్యాచార్యుడు పుట్టాడు. బ్యాలే అంటే అందమైన అడుగుల వరస కాదు, అది కథ చెప్పాలి అని పట్టుబట్టిన మనిషి. అందుకే ఈ తేదీని ఎంచుకున్నారు.

నాకిచ్చిన అంశం 'ప్రఖ్యాత బ్యాలేలు: కథలు, సంగీతం'. జిసెల్‌తో మొదలుపెట్టి ఐదు బ్యాలేల మీదుగా వరసగా వెళ్లాలని అనుకున్నాం. కానీ మీ చేతుల్లో ఉన్న ఆహ్వానపత్రం ఒకసారి తిప్పి చూడండి. చివర్లో ప్రదర్శించబోయే వీడియో గురించి ఇలా ఉంది: 'స్వాన్ లేక్, రెండో అంకం. సంగీతం చైకోవ్‌స్కీ, నృత్య రూపకల్పన మారియస్ పెటిపా.' తప్పు దీన్ని అచ్చువేసిన వాళ్లది కాదు. ఎన్నో దేశాల్లో, ఎన్నో కార్యక్రమ పత్రాల్లో ఇలాగే రాస్తున్నారు. కానీ రెండో అంకం పెటిపాది కాదు. లెవ్ ఇవనోవ్‌ది. ఈ ఒక్క పేరు మీ చెవిన వేయకుండా నేను వేదిక దిగలేను. మిగతావి దారిలో చెబుతాను.

ముందు జిసెల్. 1841 జూన్ 28, పారిస్. సంగీతం అడాల్ఫ్ ఆడం. పల్లెపిల్ల జిసెల్‌ను మారువేషంలో వచ్చిన దొర ప్రేమిస్తాడు. మోసం బయటపడగానే ఆమె మతి చెడి ప్రాణం విడుస్తుంది. రెండో అంకంలో, పెళ్లి కాకుండా చనిపోయిన కన్యల ఆత్మలు దొరికిన మగవాణ్ణల్లా చచ్చేదాకా ఆడిస్తాయి. ప్రకటనలో నృత్యకర్తగా కొరాలీ పేరుంది. కానీ నాయిక పాత్ర వేసిన కార్లొత్తా గ్రీసి ఆడిన నృత్యాలు కూర్చింది జ్యూల్ పెరో. ఆయన పేరు ఎక్కడా వేయలేదు. మొదటి అంకంలో పల్లె జంట ఆడే నృత్యం సంగీతం కూడా ఆడం‌ది కాదు, బుర్గ్‌ముల్లర్ అనే మరొకరిది. చూశారా, మొదటి బ్యాలేలోనే ఇద్దరి పేర్లు గల్లంతు.

లా బయదేర్ గురించి ఇక్కడ చెప్పి తీరాలి. దాని నాయిక నికియా మన దేశపు దేవదాసి. 1877 ఫిబ్రవరి 4న రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో పెటిపా కూర్చాడు, సంగీతం మింకుస్. మన అడుగు ఒక్కటీ, మన రాగం ఒక్కటీ అందులో లేదు. దానికి దాదాపు నలభై ఏళ్ల ముందే, 1838లో, పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి నిజమైన దేవదాసీలు పారిస్ వెళ్లి ఆడారు. వాళ్లలో అమాని అనే ఆమెను చూసి తెయోఫీల్ గోతియే అనే ఫ్రెంచి రచయిత మైమరచి వ్యాసం రాశాడు. జిసెల్ కథ రాసిన వాళ్లలో ఒకడు ఆ గోతియేనే. బ్యాలే చదివే పిల్లలకు గోతియే పేరు తెలుసు, అమాని పేరు తెలియదు.

స్లీపింగ్ బ్యూటీ మాత్రం పూర్తిగా పెటిపాదే, ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. 1890 జనవరి 15. ఎన్ని బార్ల (అంటే తాళపు ఆవృత్తాల) సంగీతం కావాలి, ఏ తాళంలో కావాలి, ఎక్కడ ఉలిక్కిపడాలి అన్నీ పెటిపా రాసిస్తే, ఆ కొలతల్లో చైకోవ్‌స్కీ సంగీతం రాశాడు. అందులో రోజ్ అదాజియో అనే నిదానమైన నృత్యం ఉంది. నలుగురు రాకుమారులు ఒకరి తర్వాత ఒకరు నాయిక అరోరా చేయి అందుకుంటారు. ఒంటి కాలి మునివేళ్ల మీద నిలబడి ఒకరి చేయి వదిలి ఇంకొకరి చేయి పట్టుకోవాలి. పిల్లలు ఇక్కడ తడబడేది కాలు బలం లేక కాదు. బరువంతా రాకుమారుడి చేతి మీద వేస్తారు, ఆ చేయి తీసేయగానే ఒరిగిపోతారు. చేయి వదలకముందే బరువు నిలబడ్డ వేళ్ల మీదికి నిటారుగా వచ్చేయాలి. అప్పుడు చేయి వదలడమన్నది కష్టమే కాదు.

ఇక నట్‌క్రాకర్. పథకం పెటిపా రాశాడు కానీ సాధనలు మొదలయ్యే వేళకు జబ్బుపడ్డాడు. నృత్యం కూర్చింది ఆయన సహాయకుడు ఇవనోవ్. 1892 డిసెంబర్ 18. అందులో గాజుబొట్లు రాలినట్టు వినిపించే వాద్యం చెలెస్టా. చైకోవ్‌స్కీ దాన్ని పారిస్‌లో విన్నాడు. రిమ్‌స్కీ కోర్సకోవ్, గ్లజునోవ్ అనే తోటి స్వరకర్తల చెవిన పడకుండా గుట్టుగా తెప్పించమని తన ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. తానే ముందు వాడాలని ఆయనకంత తపన. ఇప్పుడు ఆ సంగీతం ప్రతి డిసెంబర్‌లో లోకమంతా మోగుతుంది. మంచు రేకుల నృత్యం కూర్చిన ఇవనోవ్ పేరు ఎంతమందికి తెలుసు?

ఎవరీ ఇవనోవ్? 1834లో మాస్కోలో పుట్టాడు. పసితనం కొంత అనాథ శరణాలయంలో గడిచింది. పీటర్స్‌బర్గ్ నాట్యపాఠశాలలో చదివి, బృందంలో చేరి, 1885లో రెండో బ్యాలే మాస్టర్ అయ్యాడు. ఆ 'రెండో' అన్న మాట చివరిదాకా ఆయన్ని వదల్లేదు. ఒకసారి విన్న సంగీతాన్ని పియానో మీద వాయించగల చెవి ఆయనది. 1901 డిసెంబర్‌లో చేతిలో డబ్బు లేని స్థితిలో చనిపోయాడు.

అసలు స్వాన్ లేక్ పుట్టుక ఇవనోవ్‌తో కాదు. 1875లో మాస్కో బల్షోయ్ నాటకశాల వాళ్లు 800 రూబుళ్లకు చైకోవ్‌స్కీతో సంగీతం రాయించుకున్నారు. 1877 మార్చి 4న తొలి ప్రదర్శన, నృత్యం రైజింగర్‌ది. అది నిలబడలేదు.

నాలుగో ప్రదర్శనకు నాయికగా వచ్చిన సొబెష్‌చాన్‌స్కయాకు తన నృత్యాలు నచ్చలేదు. పీటర్స్‌బర్గ్ వెళ్లి పెటిపా చేత ఒక జంట నృత్యం కూర్పించుకుంది, దానికి సంగీతం మింకుస్‌ది. నా బ్యాలేలో ఇంకొకరి సంగీతం కుదరదన్నాడు చైకోవ్‌స్కీ. నేర్చుకున్న అడుగులు మార్చనంది ఆమె. ఇద్దరి మాటా నిలబడాలి. ఏం చేశాడంటే, ఆ అడుగులు అలాగే ఉంచి, బారుకు బారు సరిపోయేట్టు కొత్త సంగీతం రాసిచ్చాడు. ఆమె మళ్లీ సాధన కూడా చేయనక్కరలేకపోయింది. ఆ సంగీతం తర్వాత కనపడకుండా పోయి, 1953లో బల్షోయ్ కాగితాల్లో దొరికింది. 1960లో న్యూయార్క్‌లో బాలంచిన్ దానికి కొత్తగా నృత్యం కూర్చాడు. ఇప్పటికీ ఆడుతున్నారు.

చైకోవ్‌స్కీ 1893 నవంబర్‌లో పోయాడు. మరుసటి ఏడు మార్చి 1న ఆయన స్మృతిసభలో ఒక్క సరస్సు దృశ్యాన్ని, అంటే ఈ రెండో అంకాన్నే, ఇవనోవ్ కూర్చి చూపించాడు. అది నచ్చాక 1895 జనవరి 27న పీటర్స్‌బర్గ్ నాటకశాల మారిన్‌స్కీలో మొత్తం బ్యాలే వేశారు. రాజకోట దృశ్యాలు చాలావరకు పెటిపావి. సరస్సు దృశ్యాలు రెండూ ఇవనోవ్‌వి. మనం కళ్లు మూసుకుని 'స్వాన్ లేక్' అనుకోగానే కనబడే తెల్లని హంసల బారు ఇవనోవ్ మనసులో పుట్టింది.

కథ మీకు తెలిసిందే. ఒడెట్ పగలు హంస, రాత్రి మనిషి. మాంత్రికుడు రోత్‌బార్ట్ శాపం. ఎవరినీ ప్రేమించని వాడు ఒట్టు వేసి ప్రేమిస్తేనే విముక్తి. రాకుమారుడు సీగ్‌ఫ్రీడ్ ఒట్టు వేస్తాడు, కానీ మూడో అంకంలో ఆమె పోలికతో వచ్చిన ఒడీల్‌కు.

ఆ ఒట్టును కుడిచేతి రెండు వేళ్లు పైకెత్తి చూపిస్తారు. మన పిల్లలకు హస్తాలు వచ్చు కాబట్టి ఇది వెంటనే పట్టుకుంటారు. ఉంగరం వేలు చూపితే పెళ్లి. ముఖం చుట్టూ చేయి తిప్పితే అందం. తల మీద కిరీటం చోట వేళ్లు తాకిస్తే రాణి. పిడికిళ్లు మణికట్టు దగ్గర అడ్డంగా దాటిస్తే మరణం. రెండో అంకంలో ఒడెట్ ఈ సైగలతో 'ఆ సరస్సు మా అమ్మ కన్నీళ్లు' అని చెబుతుంది. చాలా నిర్మాణాల్లో ఈ సైగలు తీసేసి వట్టి నృత్యం పెట్టారు. నా మటుకు అది నష్టం. కన్నీళ్ల మాట తెలియకపోతే సరస్సు వట్టి నీళ్లే.

1895 కోసం సంగీతాన్ని డ్రిగో అనే స్వరకర్త సవరించాడు. చైకోవ్‌స్కీ పియానో రచనలు మూడింటిని, 72వ ఓపస్ (రచనా సంఖ్య) లోని 11, 12, 15 సంఖ్యలవి, వాద్యబృందానికి రాసి కలిపాడు. ఇక్కడ గురువులకు ఒక హెచ్చరిక. ఒడీల్ జంట నృత్యం కోసం 1877 నాటి సంపూర్ణ స్కోరు రికార్డింగు తీసుకుంటే మూడో అంకంలో ఎంత వెతికినా అది దొరకదు. చైకోవ్‌స్కీ ఆ సంగీతాన్ని మొదటి అంకానికి రాశాడు, అక్కడ వెతకండి. 1895లో దాన్ని మూడో అంకానికి మార్చారు. కచేరీ రికార్డింగుల వేగం కూడా కాళ్ల కోసం పెట్టింది కాదు. కొనేముందు అడుగు వేసి చూసుకోండి.

ఆ మూడో అంకంలోనే 32 ఫుయెతేలు, అంటే ఒంటికాలి మీద వరస తిరుగుళ్లు. లెన్యానీ అనే ఇటలీ నర్తకి 1893లో సిండరెల్లాలో చేసి, స్వాన్ లేక్‌లోకి తెచ్చింది. జనం లెక్కపెడతారు, చప్పట్లు కొడతారు. నేను కాదనను. కానీ లెక్క కన్నా చోటు ముఖ్యం. ప్రతి తిరుగుడుకూ మడమ దిగి మోకాలు వంగి మళ్లీ లేవాలి. ఆ వంపు తగ్గినకొద్దీ నర్తకి ముందుకో పక్కకో జారిపోతుంది. ఇరవయ్యో తిరుగుడుకు ఆమె వేదికలో ఎక్కడుందో చూడండి, ఎంత సాధన చేసిందో తెలిసిపోతుంది.

మళ్లీ ఇవనోవ్. నాలుగు చిన్న హంసల నృత్యం తీసుకోండి. నిమిషంన్నర. కింద రెండు బసూన్లు (లావు గొంతు ఊదుడు వాద్యాలు) టకటకమంటూ ఆగకుండా నడుస్తాయి, పైన ఓబోలు (సన్న గొంతు ఊదుడు వాద్యాలు) పాడతాయి. నలుగురూ చేతులు ముందు అడ్డంగా పెనవేసుకుంటారు. చేతులు బంధించేస్తే తూకం చూసుకోవడానికి శరీరానికి మిగిలేవి తల, నడుము మాత్రమే. ఒకరు వెంట్రుకవాసి ఆలస్యమైతే ఆ లాగుడు మిగతా ముగ్గురి భుజాల్లో కనిపిస్తుంది. చివర్లో 16 పా ద షాలు, అంటే పిల్లి గెంతులు, పక్కకు పోతూ వేయాలి. అక్కడే గొలుసు సాగుతుంది, చివరి అమ్మాయి ఈడ్చుకుపోతుంది. నేర్పేటప్పుడు ముందు చేతులు పట్టుకోకుండా తలల తిప్పుడు కుదిర్చి, తర్వాత చేతులు కలపండి. లెక్క ఓబో పాట మీద కాకుండా బసూన్ల మీద పెట్టమనండి. నలుగురి ఎత్తూ ఒకటి కాకపోతే ఇది చేయించనే వద్దు.

ఆ తర్వాత ఒడెట్, సీగ్‌ఫ్రీడ్‌ల అదాజియో. ఇవనోవ్ అసలు గొప్పతనం ఇందులోనే ఉంది. ఈ సంగీతం చైకోవ్‌స్కీ 1869లో రాసి తర్వాత తానే నాశనం చేసిన 'ఉందీనా' ఒపేరా లోని ప్రేమ యుగళం. అక్కడ స్త్రీ గొంతు పాడింది ఇక్కడ వయొలిన్‌కు, పురుషుడి గొంతు లావు స్వరపు తంత్రీవాద్యం చెల్లోకు వెళ్లింది. 1895లో సీగ్‌ఫ్రీడ్ వేసిన గెర్ట్‌కు యాభై ఏళ్లు. ఒడెట్ వెనక్కి ఒరిగినప్పుడు పట్టుకోవడానికి స్నేహితుడు బెన్నోను కూడా ఈ నృత్యంలో పెట్టారు. తర్వాతి కాలంలో బెన్నోను తీసేశారు.

చుట్టూ నిలబడ్డ హంసలను ఇవనోవ్ అలంకారంగా వదిలేయలేదు. ఒడెట్ కదలికకు అవి ప్రతిధ్వనిలా కదులుతాయి, ఆమె బాధ వాటి మెడల్లోకి పాకుతుంది. మధ్యలో ఆ హంసలు నిశ్చలంగా నిలబడాలి. ఒక కాలి మీద బరువు, రెండో కాలు వెనక వేళ్ల కొస మీద, నిమిషాల తరబడి. పిక్కలు పట్టేస్తాయి. బూటు లోపల కాలివేళ్లు మెల్లగా కదుపుకుంటూ, పైకి ఏమీ తెలియనివ్వకుండా నిలబడాలి. బృందంలో ఆడే అమ్మాయికి 32 ఫుయెతేలంత కష్టం ఇదీ. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

గురువులు ఒక్క మాట ఆలకించాలి. మనం కూచిపూడి నృత్యరూపకాన్ని కూడా 'బ్యాలే' అనే అంటాం. వెంపటి చినసత్యం గారి బ్యాలే అంటాం, అది న్యాయమే. కానీ వాటికి సంగీతం కూర్చిన పట్రాయని సంగీతరావు గారి పేరు, చాలావాటికి సాహిత్యం అందించిన భుజంగరాయశర్మ గారి పేరు ఈ తరం పిల్లల్లో ఎందరు చెప్పగలరు? జతులు కూర్చిన వారి పేరు మన కార్యక్రమ పత్రాల్లో ఎక్కడుంటుంది? ఈసారి పత్రం అచ్చుకు పంపేముందు ఆ ఒక్క లైను కలపండి. ఇంకేమీ అడగను. స్వాన్ లేక్ వేస్తే 'పెటిపా, ఇవనోవ్' అని రెండు పేర్లూ రాయండి. రెండో అంకం మాత్రమే అయితే ఇవనోవ్ అని రాయండి.

సమయం మించిపోయిందని చీటీ వచ్చింది. ఇక వీడియో వేద్దాం. హంసలు వెనక మూల నుంచి ఒక్కొక్కటిగా మెలికలు తిరుగుతూ వస్తాయి, చివరికి 24 అవుతాయి. చిన్న హంసల దగ్గర దయచేసి చప్పట్లతో తాళం వేయకండి, బసూన్లు వినబడవు. అదాజియో ముందు హార్ప్ అనే తీగల వాద్యం ఒంటరిగా మోగుతుంది. హార్ప్ ఆగి వయొలిన్ అందుకున్నాక ఒడెట్‌ను కాసేపు వదిలేసి, పక్కన నిలబడ్డ ఆ అమ్మాయిలను చూడండి.

వెనక స్విచ్చుల దగ్గరున్న బాబూ, దీపాలు తగ్గించు.