వందమంది కలిస్తే కోర్టు తలుపు తెరుచుకుంటుంది

అందరికీ నమస్కారం. వాటాదారుల హక్కుల గురించి హైదరాబాద్‌లో మాట్లాడుతూ సత్యం కంప్యూటర్స్‌ను పక్కన పెట్టలేను.

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. యాజమాన్యంతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్లు ఉన్న బోర్డే అది! పెద్ద ఇన్వెస్టర్లు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. పెద్దవాళ్ల కోపానికి షేరు ధర పడుతుంది, బోర్డు దిగొస్తుంది. వంద షేర్లున్న రిటైర్డ్ టీచరు కోపానికి ఏం జరుగుతుంది?

మూడు వారాలకు, 2009 జనవరి 7న, ఆ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే రాశారు. సుమారు 179 రూపాయలున్న షేరు ఆ రోజే 40కి పడిపోయింది.

అదే కంపెనీ వాటాలను ఏడీఆర్‌ల రూపంలో, అంటే విదేశీ షేర్లకు బదులుగా అమెరికా మార్కెట్లో అమ్మే పత్రాల రూపంలో, న్యూయార్క్‌లో కొన్నవాళ్లు అక్కడి కోర్టులో అందరి తరఫునా దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్ల సంస్థ 2.55 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డాయి. మన వాటాదారుల తరఫున ఒక ఇన్వెస్టర్ల సంఘం జాతీయ వినియోగదారుల కమిషన్‌కూ, తర్వాత సుప్రీంకోర్టుకూ వెళ్లింది. రెండుచోట్లా కేసు నిలబడలేదు. ఈ తేడా నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

2013 కంపెనీల చట్టంలో, వాటాదారులు కలిసి అందరి తరఫునా కేసు వేసే వీలిచ్చే 245వ సెక్షన్ వచ్చింది ఇలాంటివాళ్ల కోసమే. 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. లిస్టెడ్ కంపెనీలో వందమంది సభ్యులు కలిసినా, 2 శాతం వాటా ఉన్నవాళ్లు ముందుకొచ్చినా కంపెనీల వివాదాలు విచారించే జాతీయ ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లొచ్చు. డైరెక్టర్ల నుంచీ ఆడిటర్ల నుంచీ కూడా నష్టపరిహారం అడగొచ్చు. అయినా చెప్పుకోదగ్గ కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నా దృష్టిలో అసలు అడ్డంకి ఖర్చు. అమెరికాలో ఇలాంటి కేసుల్లో లాయర్లు గెలిస్తేనే, వచ్చిన డబ్బులో వాటా తీసుకుంటారు. ఇక్కడ బార్ కౌన్సిల్ నియమాలు అందుకు ఒప్పుకోవు. ఇరవై వేలు పోగొట్టుకున్న మనిషి లక్షలు ఫీజు కట్టి పోరాడతాడా?

ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండ్లు ఇన్వెస్టర్ల రక్షణ నిధికి వెళ్తాయి. ట్రిబ్యునల్ మంజూరు చేస్తే ఈ కేసుల ఖర్చును ఆ నిధి నుంచి తిరిగి ఇవ్వొచ్చని చట్టమే చెబుతోంది. కానీ ముందు జేబులోంచి పెట్టుకోవాలి. కేసు విచారణకు స్వీకరించిన రోజే ఆ నిధి నుంచి అడ్వాన్సు ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. అది వాటాదారులు వదిలేసిన డబ్బే కదా.

ఇంకొకటి. ఈ సెక్షన్ బ్యాంకింగ్ కంపెనీలకు వర్తించదు. మధ్యతరగతి ఇళ్లలో బ్యాంకు షేర్లు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఈ మినహాయింపు మీద కూడా చర్చ జరగాలి. మీ ప్రశ్నలు అడగండి.